పరిశోధక విద్యార్థులు - గడువు

పట్టము పొందిన పిమ్మట కొందఱు ఏదేని యొక విషయమును పరిశోధించి సిద్ధాంత గ్రంథము వ్రాయుదురు. వీరిలో పలువురికి ఉపకారవేతనమే జీవనాధారము.

2020 మార్చి 25వ తేదీన కోవిడ్ వ్యాధి కారణముగా దేశమంతయు మూతపడెను. కళాశాలల పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చినవి. కాని బాలలారా, ప్రయోగమునకై నాటిన మొక్కను ఫోనులో కొలుచుట యెట్లు? గిరిజన గూడెమునకు పోకుండ అచ్చటి పాటలను సేకరించుట యెట్లు? అట్టి పరిశోధనలు నడుమనే నిలిచినవి.

ఏప్రిల్ నెలలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారు, గ్రంథ సమర్పణమునకు ఆఱు నెలల గడువు పెంపవచ్చునని విశ్వవిద్యాలయములకు తెలిపిరి. మౌఖిక పరీక్షను వీడియో ద్వారా జరుపుటకును అనుమతించిరి. ఇందువలన దూరప్రాంతపు విద్యార్థికి ప్రయాణము తప్పినది. తరువాత ఆ గడువును 2021 జూన్ 30 వఱకు పొడిగించిరి. అయితే ఉపకారవేతనము మాత్రము అయిదేండ్లకే పరిమితమని స్పష్టపఱచిరి.

ఇది కఠినమైన నియమమని నా యభిప్రాయము. పని నిలిచిన నెలలు విద్యార్థి దోషమువలన పోయినవి కావు గదా! అయిదేండ్లు నిండినవానికి వ్రాయుటకు కాలము చిక్కెను గాని భోజనపు ఖర్చునకు వేతనము లేదు. ఇంటివారు ఆదుకొన్నచో గ్రంథము ముగియును. లేనిచో వేఱొక పని వెదకుకొనవలసినదే.