ఉల్లేఖనాల లెక్క, పరిశోధన విలువ

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల నుండి తెలుగులో పరిశోధన చేయదలచి వచ్చే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా ఊరి తెలుగు మీద తెలుగులో వ్రాస్తే ఎవరు ఉదహరిస్తారండీ? రేపు ఉద్యోగానికి వెళ్తే నీ హెచ్ సూచిక ఎంత అని అడుగుతారు కదా?" ఈ సందేహం న్యాయమైనదే. ఆ లెక్క దేనిని కొలుస్తుందో, దేనిని కొలవలేదో తెలుసుకుంటే సమాధానం దానంతట అదే దొరుకుతుంది.

ఒక పరిశోధకుడు తన వ్యాసంలో మరొకరి రచనను ఆధారంగా పేర్కొనడమే ఉల్లేఖనం. ఎవరి రచనను ఎవరు పేర్కొన్నారో తెలిపే సూచి ఒకటి ఉండాలని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించారు. 1960లలో అది సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా వెలువడింది. ఒక భావం ఎక్కడి నుండి ఎక్కడికి ప్రయాణించిందో వెతికి పట్టుకోవడానికి అది పుట్టింది. కాలక్రమంలో మనుషులను తూచే తక్కెడగా మారింది.

2005లో భౌతికశాస్త్రవేత్త జె. ఇ. హిర్ష్ హెచ్ సూచికను ప్రవేశపెట్టారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరు వ్రాసిన అయిదు వ్యాసాలకు వరుసగా 25, 9, 4, 3, 1 ఉల్లేఖనాలు వచ్చాయనుకుందాం. కనీసం మూడేసి ఉల్లేఖనాలున్న వ్యాసాలు నాలుగు ఉన్నాయి. నాలుగేసి ఉన్నవి నాలుగు లేవు. కాబట్టి ఆయన సూచిక 3. మరొకరి అయిదు వ్యాసాలకు 4, 4, 4, 4, 0 వచ్చాయనుకుందాం. మొదటివారి మొత్తం 42, రెండవవారి మొత్తం 16. అయినా రెండవవారి సూచిక 4. ఒకే పనిని రెండు విధాలుగా లెక్కిస్తే ఎక్కువ తక్కువలు తారుమారవుతాయని దీనివల్ల తెలుస్తున్నది.

కాలం విషయం కూడా గమనించాలి. గణాంకశాస్త్రవేత్త సి. ఆర్. రావు తెలుగు కుటుంబంలో, ఈనాడు కర్ణాటకలో ఉన్న హూవిన హడగలిలో 1920లో జన్మించారు. ఆయన 1945లో కలకత్తా గణితశాస్త్ర సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అనే పేర్లకు మూలం అందులోనే ఉంది. ఆ వ్యాసానికి గాను అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం 2023లో, అంటే 78 ఏళ్ళ తరువాత లభించింది. మరొక విశేషమేమంటే, ఈనాడు ఆ అసమానతను వాడుకునేవారిలో చాలామంది 1945 నాటి వ్యాసాన్ని ఉదహరించరు. పాఠ్యగ్రంథాలలో కలిసిపోయిన భావానికి ఉల్లేఖనం అక్కరలేదని అనుకుంటారు. ప్రభావం పెరిగేకొద్దీ లెక్కకు అందకుండా పోవడం ఇక్కడి చిత్రం.

సహపరిశోధన సంగతి కూడా ఇటువంటిదే. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన ఒక వ్యాసానికి అయిదు వేలకు పైగా రచయితలున్నారు. మన భాషాశాస్త్రంలో ఒంటరిగా వ్రాయడమే పరిపాటి. ఈ రెండు శాస్త్రాల సంఖ్యలను పక్కపక్కన పెట్టడం అర్థం లేని పని. ఎందరితో కలిసి పనిచేశారన్నది కాక, ఆ కలయిక వల్ల ఏ కొత్త సంగతి తేలిందన్నది చూడాలి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1983లో గణాంకశాస్త్రవేత్త లింకన్ మోజెస్, మరో పరిశోధకుడు డాన్‌ఫర్త్‌లతో కలిసి 'లాంగ్వేజ్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. గోండి, కువి మొదలైన సోదర భాషలలో ఏవి ఏవాటికి మరింత దగ్గరో నిర్ణయించడానికి వారు లెక్కల పద్ధతిని ప్రయోగించారు. భాషాశాస్త్రవేత్త ఒక్కడుగానీ, గణాంకశాస్త్రవేత్త ఒక్కడుగానీ చేయగల పని కాదది.

ఆ కృష్ణమూర్తి గారిదే మరొక కృషి మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. 'మాండలిక వృత్తిపదకోశం' తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ద్వారా వెలువడ్డాయి. అవి తెలుగు గ్రంథాలు. ఇంగ్లీషు పత్రికలను ప్రధానంగా లెక్కించే సూచీలకు ఇటువంటివి సులభంగా అందవు. అయితే తెలుగుకు నాలుగు మాండలిక మండలాలున్నాయని మనం తరగతిలో చెప్పే పాఠానికి ఆధారం ఆ పదసేకరణే. రావు గారి అసమానతలాగే ఇది కూడా పాఠంలో కలిసిపోయింది.

ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు చెందినది. హోసూరు అప్పటికే సరిహద్దుకు ఇవతల, మద్రాసు రాష్ట్రంలో ఉంది. రాగి చేలలో, పట్టుపురుగుల షెడ్లలో, కృష్ణగిరి మామిడి తోటలలో తమిళ కన్నడాలతో ఒరుసుకుంటూ వాడుకలో ఉన్న తెలుగు పదాలకు అందులో చోటు దక్కలేదు. ఈ పదాలు తెలిసిన పెద్దలు తగ్గిపోతున్నారు. సూచిక పెరగదన్న భయంతో ఈ పని మానుకుంటే ఆ నష్టాన్ని ఏ సూచికా చూపించదు.

2015లో 'నేచర్' పత్రికలో వెలువడిన లైడెన్ ప్రకటన పరిశోధనను తూచడానికి పది సూత్రాలు చెప్పింది. స్థానిక అవసరాలకు చెందిన మంచి పరిశోధనను కాపాడాలన్నది అందులో ఒకటి. ఉద్యోగ సంఘాల ముందు ఈ మాట చెప్పడానికి వెనుకాడనక్కరలేదు.

అంతమాత్రాన లెక్కలను పూర్తిగా తోసిపుచ్చమని మేము చెప్పడం లేదు. ఎవరి సంఖ్య అయినా కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ సూచీ నుండి తీశారు? అదే శాస్త్రంలో, అదే వయస్సువారితో పోల్చారా? ఉదహరించినవారు ఆ రచనను నిజంగా వాడుకున్నారా, ఊరికే పేరు చెప్పారా? ఇక మీ పని విషయానికి వస్తే, పదసేకరణను తెలుగులోనే ప్రచురించండి. దాని నుండి తేలిన ఒక సిద్ధాంతాంశాన్ని ఇంగ్లీషులో వ్యాసంగా వ్రాయండి. పక్క ఊరి కన్నడ విద్యార్థినీ, తమిళ విద్యార్థినీ కలుపుకోండి. మూడు భాషల కూడలిలో పుట్టినవారికి సహపరిశోధకుల కోసం దూరం వెళ్ళవలసిన అవసరం లేదు.