అవ్వకూ మనవడికీ ఒకటే టీవీ

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్ళల్లో బడి చదువు కన్నడం, ఇంటి మాట తెలుగు. టీవీ సంగతీ అంతే. 1994లో ఉదయ, 1995లో జెమిని, ఈటీవీ మొదలైన నాటి నుండి రిమోటు కోసం పోట్లాట ఉన్నదే. ఇప్పుడు ఆ పోటీలోకి మూడో పక్షం దిగింది. అదే పిల్లల వీడియో గేములు!

ఈ మధ్య చింతామణిలో మా అక్కావాళ్ళు కొత్త టీవీ కొనదలిచారు. యాభై వేలకు మించి రూపాయి లేదన్నాడు బావ. కాలేజీ చదివే మేనల్లుడికి ప్లేస్టేషన్ 5 ఉంది. "120 హెర్ట్జ్ ఉండాల్సిందే మామా" అని వాడి పట్టు. బావ వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు. హాలులో వంటింటి గడప పక్కనున్న మంచం విడిచి రాలేదు. "నా మూలకు బొమ్మ తెల్లగా పాలిపోకుండా కనపడితే చాలు నాయనా" అంది. రెండూ న్యాయమైన కోరికలే. ఆ తగవు తీర్చడానికి అంగళ్ళు తిరుగుతూ నేను తెలుసుకున్న సంగతులు మన పాఠకులకూ పనికివస్తాయని రాస్తున్నాను.

మొదట సైజు. టీవీ మూల నుండి మూలకు ఎన్ని అంగుళాలో దానికి ఒకటిన్నర రెట్ల పైచిలుకు దూరంలో కూర్చోవడం మంచి లెక్క. 43 అంగుళాలకు సుమారు ఆరడుగులు, 55కు ఏడడుగులు. పన్ను తక్కువని 32 అంగుళాలతో సరిపెట్టుకునే అవసరం ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద టీవీలపైన కూడా జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది.

ఇక హెర్ట్జ్. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క ఇది. 60 అయితే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు, 120 అయితే 8.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది. పరుగు పందెం, తుపాకీ ఆటల్లో ఈ తేడా తెలుస్తుంది. కాని మన ఛానళ్ళ ప్రసారం 50 లెక్కన వచ్చేదే. సీరియల్‌కు 120 వల్ల ఒరిగేది లేదు. ఆటల్లోనూ చాలావాటికి 60 చాలు. పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉన్నా నమ్మవద్దు. "తెర అసలు వేగం ఎంత? 4కేలో 120 తీసుకునే హెచ్‌డీఎమ్‌ఐ 2.1 ఉందా?" అని అడగండి. కొన్ని టీవీలలో స్పష్టత తగ్గించుకుంటేనే 120 వస్తుంది.

చాలామంది అడగనిది తెర రకం. ఈ ధరలో దొరికేవి ఎక్కువగా రెండు రకాలు. వీఏ తెరలో నలుపు చిక్కగా ఉంటుంది, రాత్రి దీపాలార్పి సినిమా చూడడానికి బాగుంటుంది. కాని పక్క నుండి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ తెరలో నలుపు కాస్త బూడిద రంగుకు తిరుగుతుంది గాని, పక్కన కూర్చున్నవారికీ రంగులు బాగానే కనబడతాయి. క్యూఎల్‌ఈడీ అన్నది రంగుల మెరుగు మాత్రమే. దాని వెనుక ఉండేది ఈ రెంటిలో ఏదో ఒకటే. అంగడిలో పూల బొమ్మలు, చేపల బొమ్మలు చూసి మురిసిపోకుండా, మీరు రోజూ చూసే ఛానల్ పెట్టించి, పక్కకు నాలుగడుగులు జరిగి చూడండి.

గేము ఆడేవారు గేమ్ మోడ్ తప్పక వాడాలి. అది బొమ్మకు దిద్దే మెరుగులు చాలావరకు ఆపేసి, మీట నొక్కినప్పటికీ తెర మీద కదిలినప్పటికీ మధ్య ఆలస్యం తగ్గిస్తుంది. ఇది 60 హెర్ట్జ్ టీవీలలో కూడా ఉంటుంది. సినిమా చూసేటప్పుడు మాత్రం అది తీసేయండి.

చివరగా మన ఊళ్ళ సంగతి. బాగేపల్లిలో ఇంటికి మెకానిక్ వస్తాడా, టీవీని బెంగళూరుకు మోయాలా అన్నది కొనకముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. తెర పగిలితే మామూలు వారంటీ వర్తించదు. కరెంటు ఎగుడుదిగుళ్ళున్న చోట స్టెబిలైజర్ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

అక్క ఇంట్లో చివరకు రెండు టీవీలు మిగిలాయి. ఒకటి వీఏ తెర, 120 హెర్ట్జ్. రెండోది ఐపీఎస్ తెర, 60 హెర్ట్జ్. రెండూ 55 అంగుళాలే, ధరలోనూ పెద్ద తేడా లేదు. ఒక వారం ఎవరెంతసేపు టీవీ చూస్తారో కాగితం మీద రాయమన్నాను. అవ్వ రోజుకు నాలుగు గంటలు, అదీ పక్క నుండి. మనవడు గంట, గంటన్నర. వాడే తన ఆటల జాబితా తీసి చూసుకుని, "120లో ఆడేది ఒక్కటే ఉంది మామా. అవ్వకు కనపడేదే తీసుకుందాం" అన్నాడు. ఆ మాటకు బావ కళ్ళు చెమర్చాయి.

ఒక్కరే ఉండే గదిలోనైతే 120 హెర్ట్జే కొనమని నేనూ చెప్తాను. నలుగురు చూసే హాలులో మాత్రం గట్టిగా అడిగినవారి కోరిక కన్నా, ఎక్కువసేపు చూసేవారి కళ్ళకే పెద్దపీట వెయ్యాలి. అంగడికి వెళ్ళే ముందు మీ ఇంట్లోనూ ఆ కాగితం ఒకసారి రాసి చూడండి.