గంటలో 53 కిలోమీటర్లు: మిగెల్ ఇందురాయిన్ శరీరం చెప్పే విజ్ఞానం

ఖరగ్‌పూర్ రైల్వే ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫాం వచ్చేదాకా ప్రపంచంలో అదే అతి పొడవైనది. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ పొడవు ఎంతో బాగా తెలుసు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కే మనిషికి అంత దూరం పోవడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. స్పెయిన్ సైక్లిస్టు మిగెల్ ఇందురాయిన్ 1994 సెప్టెంబరు 2న బోర్డో ట్రాక్‌పై తొక్కిన వేగానికైతే 73 సెకన్లు చాలు. ఆ వేగాన్ని ఆయన గంటసేపు నిలబెట్టి, 53.040 కిలోమీటర్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు.

1964లో విల్లావాలో రైతు కుటుంబంలో పుట్టిన ఇందురాయిన్, 1991 నుంచి 1995 వరకు వరుసగా ఐదుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచారు. 1992, 1993లలో ఇటలీ టూర్ కూడా ఆయనదే. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ స్వర్ణం సాధించి, 1997 జనవరిలో పోటీలకు వీడ్కోలు చెప్పారు.

గాలితో పోరాటం

చదునైన దారిలో వేగంగా వెళ్లే సైక్లిస్టుకు అసలు ప్రత్యర్థి గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ గంటలో ఇందురాయిన్ సగటున సుమారు 510 వాట్లు వెలువరించారని పరిశోధకులు లెక్కగట్టారు. ఆరేడు సీలింగ్ ఫ్యాన్లు తిరగడానికి అది సరిపోతుంది.

ఆ శక్తికి మూలం ఆక్సిజన్. శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిస్తే ఓర్పు ఎంతో తెలుస్తుంది. 81 కిలోల ఇందురాయిన్ విషయంలో అది 6.4 లీటర్లు; అంటే కిలో బరువుకు 79 మిల్లీలీటర్లు. ఏళ్ల తరబడి సాధన చేసిన క్రీడాకారుల గుండె ఒక్కో స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. అందుకే విశ్రాంతిలో వారి నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది.

పద్నాలుగేళ్ల తర్వాత

పోటీలు మానేసిన 14 ఏళ్లకు, 46వ ఏట, ఆయన మళ్లీ ప్రయోగశాలలో సైకిలెక్కారు. ఇన్యీగో ముహికా 2012లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం ఆక్సిజన్ వినియోగం 5.29 లీటర్లకు తగ్గింది. తగ్గుదల సుమారు 17 శాతం. కానీ బరువు 92.2 కిలోలకు పెరగడంతో కిలోకు లెక్కిస్తే అది 57.4 మిల్లీలీటర్లే. తగ్గుదల 27 శాతానికి చేరింది. అంటే వయసు, సాధన మానడం తీసుకెళ్లిన దానికి పెరిగిన బరువు తోడైంది. అయినా మొత్తం ఆక్సిజన్ వినియోగం, శక్తి అప్పటికీ పోటీల్లో ఉన్న వృత్తి సైక్లిస్టులతో పోల్చదగ్గవిగానే ఉన్నాయి. రిటైరైన తర్వాత సైకిల్‌ను మూలన పెట్టేవారికి ఈ అంకెల్లో ఒక మాట ఉంది: వయసును ఆపలేం గానీ, బరువు, వ్యాయామం చాలావరకు మన చేతుల్లోనివే.

ఓడినా తగ్గని ఆదరణ

1996 టూర్‌లో ఒక దశ ఆయన స్వస్థలం మీదుగా సాగి పాంప్లోనాలో ముగిసింది. ఆ రోజు ఆయన విజేత కంటే ఎనిమిది నిమిషాలకు పైగా వెనుకబడ్డారు. అయినా జనం ఆయన కోసమే దారి పొడవునా నిలబడ్డారు. గెలిచినప్పుడు గొప్పలు చెప్పుకోని ఆయన, ఓడినప్పుడు సాకులూ వెతకలేదు. నేటికీ నవార్రాలో ఏటా ఆయన పేరిట సైకిల్ పందెం జరుగుతోంది. ఆక్సిజన్ లీటర్లలో తగ్గిపోయింది గానీ, ఆ గౌరవం తగ్గలేదు.