బటన్ వదిలినా నీళ్లు ఎందుకు ఆగవు?

ఫ్లష్ బటన్ నొక్కి వదిలేసినా ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్లు పోతూనే ఉంటాయి. ఎందుకంటే, అడుగున ఉన్న మూతను అప్పటిదాకా నీటి బరువే అదిమి పెడుతుంది. ఒక్కసారి లేపితే చాలు, అందులో గాలి ఉంటుంది కాబట్టి తేలిపోతుంది. నీళ్లు అయిపోయాకే మళ్లీ కూర్చుంటుంది. ఈలోపు ఫ్లోట్ కిందికి దిగి కొత్త నీళ్లకి దారిస్తుంది, నిండగానే మూసేస్తుంది. కోడ్ లేదు, కరెంటు లేదు, అయినా కండిషన్ చెక్ చేస్తోంది!

మన దగ్గర దీనికి శత్రువు సున్నం. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే కదా. ఆ రాయి ఉన్న నేలలో బోరు నీళ్లకి కాల్షియం ఎక్కువ. అది వాషర్ అంచున తెల్లగా పేరుకుంటే మూత సరిగ్గా కూర్చోదు. చప్పుడు లేకుండా కారే నీళ్లతో తెల్లారేసరికి మేడ మీద ట్యాంకు ఖాళీ. పైట్యాంకులో కాదు, ఫ్లష్ ట్యాంకులో రెండు చుక్కల ఇంకు వేసి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే కింద రంగు కనిపిస్తే లీకే. వాషర్‌ని నిమ్మరసంలో నానబెట్టి తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.