కంది యెండు తెగులు – నేలలోని మేలు జీవులు

బేస్తవారిపేట, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల మెట్టరైతునకు కంది ముఖ్యాధారమైన పంటలలో నొకటి. దున్నకము, విత్తనము, కలుపుతీత, కూలి యన్నియు ఖర్చయిన పిమ్మట, పూతకాయల కాలమున చెట్లు నిలువున నెండిపోవుటయే యెండు తెగులు. ఎండిన చెట్టును బ్రతికించు మందు లేదు. కావున జాగ్రత్త విత్తనమునాడే పడవలెను.

తెగులు సోకిన చెట్టు మొదట నుండి ఊదారంగు చార పైకి ప్రాకును. కాండమును చీల్చినచో లోపల నల్లని గీతలు కానవచ్చును. 1910లో బట్లరు అను శాస్త్రజ్ఞుడు దీనికి కారణమైన శిలీంధ్రమునకు ఫ్యుజేరియం ఉడమ్ అని పేరిడెను. ఇది పొలములోని మోళ్లలో సుమారు 3 సంవత్సరములు బ్రతికియుండి, వేళ్లగుండ చొచ్చి, నీరు పైకెక్కు నాళములను పూడ్చివేయును.

నేలలో శత్రువులేగాక మిత్రులును గలరు. ఫ్రాన్సు దేశమున షాటోరెనార్ అనుచోట కర్బూజా పాదులకు ఇట్టి తెగులు సోకకుండుట గమనించి శాస్త్రజ్ఞులు పరీక్షింపగా, ఆవిరితో కాచిన మట్టికి ఆ గుణము పోయెను. కాచని మట్టి కొంచెము వేరుమట్టిలో కలుపగా దానికిని ఆ గుణము వచ్చెను. అనగా కాపాడునది మట్టిలోని జీవరాశియే.

అట్టి మేలు జీవులలో సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అను బాక్టీరియా యొకటి. ఇది వేళ్లచుట్టు ముందుగ చోటు నాక్రమించి, శిలీంధ్రమునకు వలసిన యినుమును తాను లాగుకొని, దానికి హానియైన పదార్థములను స్రవించును. మొక్కలోని రోగనిరోధశక్తిని గూడ మేల్కొల్పును.

ఉపయోగించు విధము: కిలో విత్తనమునకు 10 గ్రాముల పొడిని చల్లారిన గంజితో పట్టించి, నీడను ఆరబెట్టి విత్తవలెను. 2 కిలోల విత్తనమునకు 20 గ్రాములు చాలును. ఎకరమునకు 1 కిలో పొడిని 20 కిలోల మాగిన పశువుల యెరువులో కలిపి, నేల తడిగానున్నప్పుడు చల్లుట మంచిది. రసాయనిక మందులతో కలుపదలచినచో ముందుగ వ్యవసాయాధికారి నడుగవలెను.

ఇది యొక్కటియే చాలునని భ్రమపడరాదు. తెగులు తట్టుకొను ఆశ (ఐ.సి.పి.ఎల్. 87119) వంటి రకము, జొన్నతో పంటమార్పిడి లేక అంతరపంట, మోళ్లను ఏరి కాల్చుట దీనికి తోడు కావలెను.

ఈ పొడిలోనున్నవి ప్రాణులు. ఎండలో నుంచినను, గడువు దాటినను చచ్చును. చచ్చిన పొడి చూపునకు మంచిదానివలెనే యుండును. ఒంటరిగ కొనిన రైతు మోసపోవుట సులభము. సభ్యులు తమకు వలసిన తూకమును ముందే తెలిపి, సంఘముద్వారా ఒక్కసారి తెప్పించుకొని, తయారైన తేదీని చూచి, నీడను నిలువచేసికొనినచో సొమ్మును పంటయు దక్కును.