భోజనప్రియుడైన పెళ్లికొడుకుతో సొనోమాలో

పెళ్లికి ముందు వరుణ్ణి వెంటేసుకుని స్నేహితులంతా ఓ వారాంతం ఎక్కడికైనా వెళ్లి రావడం అమెరికాలో ఉంటున్న మన కుర్రాళ్లకు ఇప్పుడు అలవాటైపోయింది. బ్యాచిలర్ పార్టీ అనగానే ముందు తట్టే పేరు లాస్ వెగాస్. రాత్రంతా హోరు, పగలంతా నిద్ర, తిండి మధ్యలో దొరికితే దొరికినట్టు. అది కోరుకునేవాళ్లకు అదే మేలు. కానీ పెళ్లికొడుకు ఏ ఊరెళ్లినా హోటల్ గది కంటే ముందు టిఫిన్ సెంటర్ వెతికే మనిషి అయితే? పప్పులో ఇంగువ ఎక్కువైందో తక్కువైందో మొదటి ముద్దకే చెప్పేవాడైతే? అతని కోసం బే ఏరియాలోనే సొనోమా కౌంటీ ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దాటి 101 హైవే మీద ఉత్తరంగా సుమారు 70 మైళ్లు వెళ్తే హీల్డ్స్‌బర్గ్ వస్తుంది. డ్రై క్రీక్, అలెగ్జాండర్, రష్యన్ రివర్ అనే మూడు ద్రాక్ష లోయలు కలిసే చోట ఉన్న చిన్న ఊరది. మధ్యలో చెట్ల నీడన ఒక పార్కు, చుట్టూ నడిచి తిరగగలిగినంత దూరంలో హోటళ్లు, బేకరీలు, వైన్ రుచి చూపించే టేస్టింగ్ గదులు.

ఇలాంటి యాత్రకు ప్లాన్ వేసేవాళ్లు సాధారణంగా వైనరీల జాబితాతో మొదలుపెడతారు. రోజుకు నాలుగైదు, వాటి మధ్య పరుగులు, తినడం కారులోనే. భోజనప్రియుడి కోసమైతే ఈ వరుసను తిరగేయాలి. ముందు ఏ పూట ఏం తింటారో, ఎక్కడ కూర్చుని తింటారో తేల్చుకోవాలి. వైన్‌ను ఆ భోజనాల చుట్టూ సర్దుకోవాలి. వైన్ పుట్టిందే అన్నం పక్కన ఉండటానికి గనుక, ఇలా చేస్తే వైన్‌కు జరిగే నష్టమేమీ లేదు.

రోజుకు రెండు వైనరీలు చాలు అనడానికి లెక్క కూడా ఉంది. ఒక టేస్టింగ్‌లో మామూలుగా ఐదు రకాలు పోస్తారు, ఒక్కొక్కటి సుమారు 45 మిల్లీలీటర్లు. మొత్తం 225 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర గ్లాసు. అలాంటివి మూడు పూర్తిచేస్తే లోపలికి వెళ్లింది 675. సీసాయే 750! నాలుగో చోటికి చేరేసరికి నాలుకకు ఏ రుచీ తెలియదు, గ్లాసుకు కట్టిన డబ్బు మాత్రం తెలుస్తుంది. టేస్టింగ్ బల్ల మీద చిన్న కూజా లాంటి పాత్ర ఉంటుంది. చప్పరించిన వైన్‌ను అందులో ఉమ్మేయవచ్చు, మిగిలింది పారబోయవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లు చేసేదే అది.

వైన్ కంట్రీ అంటే పక్కనున్న నాపా కదా, సొనోమా ఎందుకని అడిగేవాళ్లుంటారు. నాపాకు ఆ పేరు ఊరికే రాలేదు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఫ్రాన్స్, కాలిఫోర్నియా వైన్లను పేర్లు కనపడకుండా ఫ్రెంచి నిపుణులకు రుచి చూపించాడు. తెల్లవాటిలో షాటో మాంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ నాపా వైనరీలే, రెండూ 1973 పంటవే. అయితే గెలిచిన ఆ తెల్ల వైన్‌లో ఎక్కువ పాలు ద్రాక్ష సొనోమాది. హీల్డ్స్‌బర్గ్ బయట వెస్ట్‌సైడ్ రోడ్డు మీద ఉన్న బాచిగలూపి తోట పండూ అందులో ఉంది. ఇప్పుడు నాపాలో ఒక్కో టేస్టింగ్‌కు మనిషికి 50 డాలర్లు దాటడం మామూలు. సొనోమాలో చాలాచోట్ల అంతకంటే తక్కువకే అవుతుంది, కొన్నిచోట్ల సీసా కొంటే ఆ రుసుము కూడా వదిలేస్తారు. పైగా సొనోమాలో మనం తెచ్చుకున్న తిండిని తోటలోని బల్లల మీద పరుచుకుని తిననిచ్చే వైనరీలు చాలా ఉన్నాయి. తిండి కోసం వెళ్లేవాళ్లకు ఈ ఒక్కటి చాలు. నా ఓటు సొనోమాకే.

ఆ నేలలో రుచి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే గ్లాసులో ఏముందో ఇంకా బాగా అర్థమవుతుంది. పక్కన పసిఫిక్ సముద్రం వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది, ఆ తీరం వెంట అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంటుంది కాబట్టి. పగలు లోపలి మైదానాలు వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి దూసుకొస్తుంది. దాంతోపాటే పొగమంచు. సాయంత్రమయ్యేసరికి అది పెటలూమా దగ్గర కొండల మధ్య సందులోంచీ, రష్యన్ నది వెంబడీ లోపలికి పాకి, మర్నాడు పొద్దెక్కాక విడిపోతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటిన తోటలోనే రాత్రి 10కి దిగవచ్చు. ఎండకు పండులో తీపి పెరుగుతుంది, చలికి పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది. రష్యన్ రివర్ లోయలో పినో న్వార్, షార్డనే ద్రాక్షలు అంత బాగా రావడానికి ఈ పులుపే కారణం. భోజనంతో వైన్ నప్పేదీ ఈ పులుపు వల్లే. పప్పులో చింతపండు చేసే పనే వైన్‌లో అది చేస్తుంది, నోట్లోని కొవ్వును కడిగి తర్వాతి ముద్దకు సిద్ధం చేస్తుంది. డ్రై క్రీక్ ఇంకాస్త వెచ్చన, అక్కడ రాజు జిన్‌ఫాండెల్. ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు నాటిన ముసలి తీగలు ఇంకా కాస్తున్నాయి. దీన్ని కాలిఫోర్నియా సొంత ద్రాక్ష అనుకునేవారు. కానీ 2001లో డేవిస్ విశ్వవిద్యాలయంలో కారల్ మెరెడిత్ బృందం జన్యుపరీక్షలు చేసి, క్రొయేషియా తీరంలో దాదాపు అంతరించిపోయిన ఒక పాత రకమూ ఇదీ ఒకటేనని తేల్చింది.

శుక్రవారం నేరుగా హీల్డ్స్‌బర్గ్ వెళ్లకండి. గోల్డెన్ గేట్ దాటాక పడమరకు తిరిగి, ఒకటో నంబర్ హైవే మీద టొమాలిస్ బే ఒడ్డున ఉన్న మార్షల్ అనే పల్లెకు వెళ్లండి. అక్కడ హాగ్ ఐలండ్ వాళ్లు ఆ నీళ్లలోనే పెంచిన ఆయిస్టర్లు అమ్ముతారు. తెరవనివి కొనుక్కుంటే మన చేత్తో మనమే తెరుచుకుని తినవచ్చు. బోలుగా ఉన్న చిప్ప కిందికి, బల్లపరుపుగా ఉన్నది పైకి ఉండేలా మడతపెట్టిన గుడ్డలో గట్టిగా పట్టుకోవాలి. రెండు చిప్పలూ అతుక్కున్న మొన దగ్గర పొట్టి కత్తి మొన గుచ్చి, బలం పెట్టి నెట్టకుండా మణికట్టు తిప్పాలి. టక్కుమని ఊడుతుంది. కత్తిని పైచిప్పకు ఆనించి జరిపితే కండరం తెగుతుంది, లోపలి ఉప్పునీరు ఒలకకుండా చిప్ప ఎత్తేయాలి. నిమ్మరసం నాలుగు చుక్కలు పిండి గుటకేయడమే. పచ్చిది తినలేమనేవాళ్లకు నిప్పుల మీద కాల్చి, వెన్నా వెల్లుల్లీ వేసినవి ఉంటాయి. పెళ్లికొడుకు చేతికి మొదట కత్తి ఇవ్వండి. చేత్తో పని దొరికితే భోజనప్రియుడికి కలిగే సంతోషం వేరు.

హీల్డ్స్‌బర్గ్‌లో సింగిల్‌థ్రెడ్ అనే రెస్టారెంట్‌కు మిషెలిన్ మూడు స్టార్లున్నాయి, కూరగాయలు చాలావరకు దాని సొంత పొలంవే. ఖర్చు పెట్టగలిగితే, చాలా ముందుగా చోటు దొరికితే వెళ్లండి. కానీ యాత్ర మొత్తాన్ని దాని మీద ఆనించవద్దు. పెద్ద వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఒక రాత్రి అంతా కలిసి వండుకోవడం దానికి తీసిపోదు. వసంతం నుంచి చలికాలం మొదలయ్యేదాకా హీల్డ్స్‌బర్గ్‌లో శనివారం ఉదయం రైతుబజారు జరుగుతుంది. మిత్రులంతా సంచులు పట్టుకుని వెళ్లండి, ఏం వండాలో పెళ్లికొడుకునే నిర్ణయించనివ్వండి. ఆగస్టులో వెళ్తే సెబాస్టపోల్ వైపు పండే గ్రావెన్‌స్టైన్ ఆపిల్ తప్పక తినాలి. తీపిలో పులుపు కలిసిన ఆ పండు త్వరగా మెత్తబడుతుంది, దూరాభారం తట్టుకోదు, అందుకే అక్కడికి వెళ్లినప్పుడే తినాలి.

చీజ్ దగ్గర కాసేపు ఆగాలి. సొనోమా పట్నంలో 1931 నుంచి ఉన్న వెల్లా చీజ్ కంపెనీ తయారుచేసే డ్రై జాక్ పైన ముదురు గోధుమరంగు తొడుగుంటుంది. నూనె, కోకో, మిరియాలు కలిపి పూసిందది. లోపల లేత పసుపు, గట్టిగా, పెళుసుగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే వేయించిన గింజల రుచి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీ చీజ్ దిగుమతి ఆగిపోయినప్పుడు, ఎక్కువకాలం నిల్వ ఉండి గట్టిపడిన మామూలు జాక్ చీజే తురుముకోవడానికి పనికొస్తుందని శాన్ ఫ్రాన్సిస్కో వర్తకులు కనిపెట్టారు. ఈ రకం అలా నిలబడింది. ఒక ముక్క కొరికి, జిన్‌ఫాండెల్ ఒక గుక్క తాగి చూడండి. ఎర్ర వైన్‌లోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకు అంటుకుని నోరంతా వగరు చేస్తాయి. చీజ్‌లో ప్రోటీన్లు, కొవ్వు, ఉప్పు ఉంటే టానిన్లు వాటికి అతుక్కుంటాయి, వగరు తగ్గి పండు రుచి బయటపడుతుంది.

ఇక మనవాళ్లున్న చోట గుంటూరు కారం రాకుండా ఉండదు. అద్దె ఇంట్లో ఎవరో ఒకరు కోడివేపుడు పెడతారు, పక్కన ఏ కాబర్నే ఎర్ర వైనో తెరుస్తారు, నోరు భగ్గుమంటుంది. తప్పు కోడిది కాదు. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. ఆల్కహాల్ కూడా అదే గ్రాహకం మీద పనిచేసి, మామూలుగా 42 డిగ్రీలకు స్పందించేదాన్ని ఇంకా తక్కువ వేడికే స్పందించేలా చేస్తుంది. కారానికి 15 శాతం ఆల్కహాల్, పైన టానిన్లు తోడైతే మంటకు మంట చేరినట్టే. కారం వంటకాల పక్కన ఆల్కహాల్ తక్కువగా, కొంచెం తీపిగా, బాగా చల్లగా ఉండే తెల్ల వైన్లు, రీస్లింగ్ గానీ గెవుర్జ్‌ట్రామినర్ గానీ పెట్టండి. సొనోమాకు ఉత్తరాన మెండసినోలోని ఆండర్సన్ లోయ గెవుర్జ్‌ట్రామినర్‌కు పేరున్న చోటు, హీల్డ్స్‌బర్గ్ దుకాణాల్లో అడిగి చూడండి. గోంగూర లాంటి పులుపు కూరలతో మెత్తటి ఎర్ర వైన్లు చప్పబడిపోతాయి, అక్కడ బాగా పులుపున్న తెల్లవే నిలబడతాయి.

గుంపులో తాగనివాళ్లు, శాకాహారులు తప్పకుండా ఉంటారు. ప్లాన్ వాళ్లకూ పండగలా ఉండాలి. వైన్‌కు బదులు భోజనం చుట్టూ అల్లిన యాత్రలో అది తేలిక. రైతుబజారు, రొట్టెలు, గెర్న్‌విల్ దగ్గర ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్ వనంలో నడక, ఎండాకాలమైతే రష్యన్ నదిలో పడవ, వీటన్నిటికీ గ్లాసుతో పనిలేదు. శాకాహారం గట్టిగా పాటించేవాళ్లు రెండు విషయాలు అడగాలి. కొన్ని చీజ్‌లను దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో విరగ్గొడతారు. కొన్ని వైన్లను తేర్చడానికి గుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన జిగురు వాడతారు. అడిగితే వైనరీవాళ్లు చెబుతారు.

ఆరుగురు దాటితే చాలా వైనరీలు విడిగా ఏర్పాటు చేయాలంటాయి, బ్యాచిలర్ పార్టీలను అసలు రానివ్వనివీ ఉన్నాయి. కాబట్టి ఫోన్ చేసి ఉన్న విషయం చెప్పండి. భోజనప్రియుల గుంపు, అరిచి గోల చేసేవాళ్లం కాదంటే చాలామంది ఆదరంగా పిలుస్తారు. ఇక ఎప్పుడు వెళ్లాలి? ఫిబ్రవరి, మార్చిలో తీగల మధ్య ఆవపూలు పసుపుపచ్చగా విరబూస్తాయి, రద్దీ తక్కువ. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా కోతల కాలం. తోటలు సందడిగా ఉంటాయి, ధరలూ అంతే. అయితే 2017 అక్టోబరులో టబ్స్, 2019 అక్టోబరులో కిన్‌కేడ్ కార్చిచ్చులు ఈ కౌంటీని కాల్చాయి. కోతలప్పుడు వెళ్లేవాళ్లు డబ్బు వాపసు ఇచ్చే బుకింగులే చేసుకోవాలి. నన్నడిగితే మే నెలే మేలు.

వీటన్నిటికంటే ముందు డ్రైవర్‌ను మాట్లాడుకోండి. సాయంత్రమయ్యాక డ్రై క్రీక్, వెస్ట్‌సైడ్ రోడ్ల మీద ఉబర్ దొరకడం కష్టం, కొన్నిచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. మన కారునే నడిపిపెట్టే డ్రైవర్లు గంటల లెక్కన దొరుకుతారు. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే నేరం, అంతకంటే తక్కువున్నా నడక తడబడితే కేసు పెట్టవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో ముప్పుంది. తాగి బండి నడిపినందుకు అరెస్టయితే, కోర్టులో నేరం రుజువు కాకముందే వీసా రద్దయ్యే అవకాశముంది. గుంపులో తాగని మిత్రుడున్నాడు కదా అని స్టీరింగ్ అతనికి అంటగట్టకండి. అతనూ పెళ్లికొడుకు స్నేహితుడిగానే వచ్చాడు. డ్రైవర్‌కయ్యే డబ్బు అందరూ పంచుకోండి.