నాణేలు చెప్పే చరిత్ర: గ్రీకులు – సిథియన్లు

రాజుల చరిత్ర శాసనాలలో, గ్రంథాలలో దొరుకుతుంది. మరి రాత తెలియని ప్రజల చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? చాలావరకు వారి పొరుగువారి రాతలలోనే. పొరుగువారు ఎప్పుడూ ఉన్నదున్నట్లే రాస్తారా? ఇలాంటి చోట మనకు సాయపడేవి నాణేలు.

నల్ల సముద్రానికి ఉత్తరాన, నేటి ఉక్రెయిన్ గడ్డి మైదానాలలో, సిథియన్లు అనే సంచార జాతులు ఉండేవి. గుర్రపుస్వారీలో, విలువిద్యలో వారు పేరుపొందారు. కాని వారికి లిపి లేదు. క్రీ.పూ. 6వ శతాబ్దం నాటికే మిలేటస్ నుండి వచ్చిన గ్రీకులు అక్కడి నదీముఖం వద్ద ఓల్బియా అనే వలస నగరం నిర్మించుకున్నారు. ధాన్యం, తోళ్ళు, బానిసలు ఇక్కడి నుండి గ్రీసుకు వెళ్ళేవి. ద్రాక్షసారా, ఆలివ్ నూనె అక్కడి నుండి వచ్చేవి. ఓల్బియావాసులు మొదట్లో వాడిన డబ్బు గుండ్రంగా ఉండేది కాదు. బాణపు ములుకు ఆకారంలోను, డాల్ఫిన్ ఆకారంలోను కంచుతో పోత పోసేవారు.

క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ సిథియన్ రాజు స్కిలెస్ కథ రాశాడు. అతని తల్లి గ్రీకు స్త్రీ. అతడు ఓల్బియాకు వచ్చినప్పుడల్లా సైన్యాన్ని బయటే ఉంచి, లోపల గ్రీకు దుస్తులు ధరించి తిరిగేవాడట. గ్రీకు దేవుడు డయోనిసస్ ఉత్సవంలో పాల్గొన్నాడని తెలిసి సొంత ప్రజలే తిరగబడ్డారు. చివరకు సోదరుడే అతని తల నరికాడు. ఈ కథ చదివితే రెండు జాతులకూ పొత్తు కుదరదనిపిస్తుంది.

నాణేలు మరోలా చెబుతాయి. అదే శతాబ్దంలో ఓల్బియాలో ముద్రించిన వెండి నాణెంపై ‘ఎమినకోస్’ అనే పేరుంది. అది గ్రీకు పేరు కాదు. నగరంపై అధికారం చెలాయించిన సిథియన్ ప్రభువుదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. దానిపై హెరాక్లిస్ వింటికి నారి ఎక్కిస్తుంటాడు. ఆ విల్లు వంచగలిగిన అతని కొడుకే సిథియన్ రాజులకు మూలపురుషుడని గ్రీకులు చెప్పుకునేవారు. క్రీ.పూ. 4వ శతాబ్దం చివరి నాణేలపై ఒకవైపు నదీదేవత, మరోవైపు సిథియన్ల విల్లు, గొడ్డలి కనిపిస్తాయి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సిథియన్ రాజు స్కిలూరస్ పేరుతోనే అక్కడ నాణేలు వెలువడ్డాయి. పేరు సిథియన్ రాజుది, అక్షరాలు గ్రీకువి. రాజుకు రేవు, టంకశాల కావాలి. నగరానికి రక్షణ, ధాన్యం కావాలి. అందుకే పోరు ఉన్నా పొత్తు తెగలేదు.

ఈ కథ మనకు మరీ దూరమైనది కాదు. సిథియన్లకు దగ్గరివారైన శకులు మన దేశానికీ వచ్చారు. శక క్షత్రపుడు నహపాణుని వెండి నాణేలపై గ్రీకు అక్షరాలు ఉన్నాయి. అతనిని ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణేలపైనే తన ముద్ర వేయించాడు. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో దొరికిన 13 వేలకు పైగా నాణేలలో 9 వేలకు పైగా అటువంటివే.

కాబట్టి చరిత్ర పాఠంలో ఎవరినైనా ‘అనాగరికులు’ అని చదివినప్పుడు, ఆ మాట ఎవరు రాశారో కూడా అడుగుదాం. రాయలేని వారికీ చరిత్ర ఉంటుంది. దానిని వెతికి చదవడం మన పని.